మీడియా అక్షరాస్యతకు మార్కులున్న విడి సబ్జెక్టు కావాలా?

సాంఘికశాస్త్రం టీచర్ (ప్రశ్న):

కేరళలో 2022లో కైట్ అనే ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థ ఐదు నుంచి పదో తరగతి వరకు చదివే సుమారు 19 లక్షల మంది పిల్లలకు తప్పుడు వార్తలను గుర్తించడంలో శిక్షణ ఇప్పించింది. 2024లో ఐదు, ఏడు తరగతుల ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) పుస్తకాల్లోనూ ఆ అంశం చేరింది. మన రెండు రాష్ట్రాల ఉన్నత పాఠశాలల్లో దీన్ని మార్కులున్న విడి సబ్జెక్టుగా పెట్టాలన్నది నా వాదన. మార్కులు లేని పీరియడ్ ఏదైనా సంక్రాంతి సెలవులు ముగిశాక గణితానికో సైన్సుకో పోతుందని మనందరికీ తెలుసు. మీరేమంటారు?

పాఠ్య రూపకర్త:

మాస్టారూ, పీరియడ్ పోతుందన్న మీ భయం న్యాయమైనదే. అయినా, హైస్కూల్లో కొన్నేళ్లు తెలుగు చెప్పి, ఆ తర్వాత ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లోకి వచ్చి పాఠాలు రూపొందించడమే వృత్తిగా చేసుకున్నదాన్ని కాబట్టి, మార్కుల సబ్జెక్టును గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. పాఠం పూర్తయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలో ముందు తేల్చుకుని, అక్కడినుంచి వెనక్కి వస్తూ పాఠాన్ని కట్టడం మా వృత్తిలో తొలి సూత్రం. ఇక్కడ చేయగలగాల్సింది, ఫోన్‌కు వచ్చిన సందేశాన్ని నలుగురికీ పంపే ముందు ఆగి, అది ఎక్కడ పుట్టిందో వెతకడం. దాన్ని పరీక్ష సబ్జెక్టు చేస్తే "తప్పుడు సమాచారపు లక్షణాలు ఐదింటిని రాయుము" అనే ప్రశ్న, గైడులో దానికి జవాబు ఏడాది తిరగకుండానే సిద్ధమవుతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి 2018లో దేశమంతా పాకి, అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు ఫోన్లలో తిరిగిన ఒక వీడియోలో ఇద్దరు బైకు మీద వచ్చి, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది పిల్లల భద్రతపై అవగాహన కోసం పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన చిత్రం. ఆ ఇద్దరే పిల్లవాణ్ణి తిరిగి దింపి, హెచ్చరిక రాసిన అట్టను చూపించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించేశారు. నేను రాసే పాఠంలో ముందు ఆ కత్తిరించిన ముక్కనే చూపిస్తాము. ఎవరు తీశారు, ఏ ఊళ్లో, దీని తర్వాత ఏం జరిగి ఉంటుంది అని అడిగి, పిల్లలనే వెతకనిస్తాము. ఏదో ఒక ఆధారాన్ని ఎవరో ఒకరు గమనిస్తారు. పూర్తి చిత్రం ఆ తర్వాత వస్తుంది, నిర్వచనాలు అన్నిటికంటే ఆఖరున వస్తాయి. సాంఘికశాస్త్రంలోనైనా తెలుగులోనైనా ఇమిడే పాఠమిది, విడి పుస్తకం అక్కర్లేదు.

తెలుగు పండితురాలు:

మేడం, మీ పాఠం బాగుంది. కానీ అన్ని సబ్జెక్టుల్లో కలపమంటే, అందరి పనీ ఎవరి పనీ కాకుండా పోతుంది. ఫిన్లాండ్ 2016 నుంచి అమలు చేసిన పాఠ్య ప్రణాళికలో ఇలాగే కలిపిందని చెబుతుంటారు; అక్కడ టీచరు కావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, ఏ పాఠాన్ని ఎలా చెప్పాలో నిర్ణయించుకునే స్వేచ్ఛా ఉంటుంది. సిలబస్ పూర్తిచేయడానికే పరుగులు తీసే మా మీద ఇంకో బరువు పెడితే, అది ఏడాదికొకసారి జరిపే అవగాహన సదస్సుగా మిగులుతుంది. పైగా రాజకీయ సందేశాన్ని క్లాసులో విప్పి చూపిస్తే, మర్నాడు తల్లిదండ్రులకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేనే.

పాఠ్య రూపకర్త:

సదస్సు దండగన్న మీ మాటకు బిహార్‌లోనే రుజువుంది. 2019 లోక్‌సభ ఎన్నికల వేళ సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు అక్కడ ఓటర్ల ఇళ్లకు వెళ్లి సుమారు గంటసేపు శిక్షణ ఇప్పించే ప్రయోగం చేస్తే, అబద్ధాన్ని గుర్తించే శక్తి మొత్తం మీద చెప్పుకోదగినంతగా పెరగలేదు. తర్వాత ఆమే మరికొందరితో కలిసి, అదే రాష్ట్రంలో 13,000 మందికి పైగా కౌమార విద్యార్థులతో మరో ప్రయోగం చేశారు. ఈసారి శిక్షణ గ్రామీణ గ్రంథాలయాల్లో, సుమారు 14 వారాల పాటు నాలుగు తరగతులుగా సాగింది. ఫలితం స్పష్టంగా కనిపించింది, నెలల తర్వాతా నిలిచింది. రాష్ట్రం అదే, సమస్య అదే. మారినవాటిలో నా కంటికి ముఖ్యంగా కనిపించేది, అభ్యాసాన్ని వారాల మీద పరచిన తీరు. విడి సబ్జెక్టా కలపడమా అన్న చర్చ కన్నా నాకు ఇదే ముఖ్యం.

మీ రెండో భయానికి కూడా ఇందులో కొంత జవాబు ఉంది. ఆ తరగతులు ప్రధానంగా ఆరోగ్య విషయాల మీద నడిచాయి, అయినా పిల్లలు ఆ నేర్పును రాజకీయ వార్తలకూ వర్తింపజేసుకోగలిగారు. అంటే టీచరు పార్టీల జోలికి పోకుండా టీకాలు, నాటు వైద్యపు సందేశాలతోనే మొదలుపెట్టవచ్చు.

కాబట్టి నేను కోరేది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో జీవశాస్త్రానికీ సాంఘికశాస్త్రానికీ రెండేసి పాఠాలు, నెల విడిచి నెల. తయారుచేసిన సామగ్రి టీచరు చేతికి అందాలి, రాసుకునే పని ఆమె మీద పడకూడదు. మాస్టారు అడిగిన మార్కులు కూడా నిర్మాణాత్మక మూల్యాంకనంలోంచే, అంటే చదువు సాగుతుండగా మధ్యమధ్యలో చేసే అంచనాలోంచే ఇవ్వవచ్చు. అదెలాగంటే, విద్యార్థికి ఇంతకుముందు చూడని ఒక ఫార్వర్డ్ ఇచ్చి, కంప్యూటర్ ల్యాబులో పది నిమిషాలు వదిలి, ఏమేం వెతికాడో ఒక కాగితం మీద రాయమనాలి. తుది జవాబు తప్పైనా, వెతికిన దారి సరిగా ఉంటే మార్కులు వేయాలి.