తిరుపతి టౌన్‌లో ఫ్లాటా, రేణిగుంట వైపు ప్లాటా?

ఇర్వింగ్ నుంచి, కొత్తగా వచ్చిన తమ్ముడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. ఉద్యోగం మీద డల్లాస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మాది తిరుపతి కొర్లగుంట. ఊళ్లో మామ రోజూ ఫోన్ చేసి "రేణిగుంట రోడ్డులో వెంచర్ వేస్తున్నారు, టౌన్‌లో ధరలు ఆగిపోయినాయి, బయటే పెరుగుతున్నాయి, ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదు" అంటున్నారు. నాన్నకేమో టౌన్‌లోనే ఎం.ఆర్.పల్లి దగ్గర ఫ్లాట్ మీద మనసు. ఏ వైపు ధరలు ఎక్కువ పెరుగుతున్నాయో తెలిసినవాళ్లు చెప్తారా?

ప్లేనో నుంచి, చంద్రగిరి అన్న:

తమ్ముడూ, మీ మామ, మీ నాన్న ఒకే వస్తువు గురించి మాట్లాడుకోవడం లేదు. ప్లాట్ అంటే నేల. ఫ్లాట్ అంటే ఎక్కువ భాగం కట్టడం, దాంతోపాటు నీ వాటాకొచ్చే కాస్త నేల. కట్టడం ఏటేటా పాతబడుతుంది, నేల పాతబడదు. కాబట్టి శివారు ప్లాట్ పెరిగిన వేగాన్ని టౌన్ ఫ్లాట్ వేగంతో పోల్చి "బయటే పెరుగుతోంది" అంటే లెక్క తప్పు. పోలిస్తే టౌన్‌లోని బైరాగిపట్టెడలో ఖాళీ స్థలాన్ని రేణిగుంట ఖాళీ స్థలంతో పోల్చు.

అలా పోల్చాలన్నా ముందు అంకణం సంగతి తేల్చుకో, మన వైపు స్థలం కొలిచేది దాంతోనే. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లా నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట కూడా ఇందులోకే వచ్చాయి. అంటే ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలు. ఎవరు రేటు చెప్పినా గజాల్లోకి మార్చమని అడుగు. మార్చనంటే ఆ బ్రోకర్‌ను వదిలేయ్.

ఇక అసలు విషయం. వెంచర్‌లో నీకు చెప్పేది అమ్మేవాడి ధర. మొదటి ఫేజ్‌లో ఒక రేటు, రెండో ఫేజ్‌లో ఇంకొంచెం, మూడో ఫేజ్‌లో ఇంకొంచెం అని బోర్డు మారుస్తాడు, దాన్నే "గ్రోత్" అంటాడు. అక్కడ కొన్నవాడు మళ్లీ అమ్మితే ఎంత వచ్చింది అన్నదే నిజమైన ధర. తెలుసుకోవాలంటే మంచి మార్గం ఒకటుంది. అదే రోడ్డులో ఐదారేళ్ల నాటి వెంచర్ పేరు చెప్పి, "అందులో మావాళ్లకు ప్లాట్ ఉంది, ఎన్ని రోజుల్లో ఎంతకు అమ్మిపెడతావు?" అని అడిగించు. కొనమన్నప్పుడు వినిపించిన రేటు అమ్మమన్నప్పుడు వినిపించదు. టౌన్‌లో ఈ ఇబ్బంది తక్కువ. పాత ఇళ్లు, ఫ్లాట్లు చేతులు మారుతూనే ఉంటాయి. యూనివర్సిటీలు, స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉండటం వల్ల అద్దెకు దిగేవాళ్లు దొరుకుతారు.

రికార్డు చూద్దామా అంటే అదీ సగమే. ఇక్కడ టెక్సాస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పాలనే చట్టమే లేదు. దస్తావేజులో చాలాసార్లు "పది డాలర్లు, తదితర ప్రతిఫలం" అని రాసి ఊరుకుంటారు. మన దగ్గర ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రంలో, అంకె కనిపిస్తుంది గానీ అది తరచుగా రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే మార్కెట్ విలువను ఆనుకుని ఉంటుంది. 2025 ఫిబ్రవరి 1న ఆ విలువలు సవరించారు. అందుకని ఆ తేదీకి ముందూ వెనకా ఈసీ అంకెలు చూసి "ఒక్క ఏడాదిలో ఇంత పెరిగింది" అనుకోవద్దు.

టౌన్ ఆగిపోయిందన్న మాటకు వస్తే, ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డం, అటు పెరగడానికి చోటు లేదు. అందుకే ఊరు తిరుచానూరు, అవిలాల, పేరూరు, కరకంబాడి వైపు సాగుతోంది. భవానీ నగర్, స్టేషన్ చుట్టుపక్కల రేట్లు లాడ్జీల వల్ల వచ్చినవి, కాపురాల వల్ల కాదు. వాటిని లెక్కలోకి తీసుకోకు. ఏర్పేడు వైపు ఐఐటీ పేరు చెప్పి అమ్ముతారు. అక్కడ విద్యార్థులు క్యాంపస్‌లోనే ఉంటారు నాయనా, నీ ప్లాట్‌లో ఇల్లు కట్టినా అద్దెకు వాళ్లు రారు.

ఇంకొకటి. నీ సంపాదన డాలర్లలో. మాటవరసకు 2015లో 20 లక్షలకు కొన్నది 2024లో 40 లక్షలకు అమ్మావనుకో. ఊళ్లో అది డబుల్. కొన్నప్పుడు డాలర్ దాదాపు 64, అమ్మినప్పుడు దాదాపు 84. డాలర్లలో చూస్తే ఒకటిన్నర రెట్లే. ఆ తొమ్మిదేళ్ల డబుల్ అన్నది కూడా ఏడాదికి 8 శాతమే. అందులో కొనేటప్పుడు రిజిస్ట్రేషన్‌కు పోయే ఏడున్నర శాతం ఇంకా తీయలేదు. ఊళ్లోనే ఖర్చు పెట్టుకునే డబ్బయితే ఈ డాలర్ లెక్క నీకు అక్కర్లేదు.

ఫ్రిస్కో అక్క:

అన్న ధరల గురించి చెప్పారు, నేను కాగితాల గురించి. తమ్ముడూ, ఉద్యోగానికి దేశం దాటావు కాబట్టి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) లెక్కలో నువ్వు ఇప్పటికే ఎన్నారై. పాత సేవింగ్స్ అకౌంట్‌ను ఎన్నార్వోగా (NRO, ఎన్నారైలకు ఊళ్లోని రాబడి కోసం ఉండే అకౌంట్) మార్చుకో. కొనుగోలు డబ్బు ఇక్కడి నుంచి బ్యాంకు ద్వారా పోవాలి, లేదా ఎన్ఆర్ఈ (NRE, విదేశీ సంపాదన పంపుకునే అకౌంట్), ఎన్నార్వో లాంటి ఎన్నారై అకౌంట్ల నుంచి పోవాలి. ఎన్నారైలు వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. శివారులో "ఫామ్ ప్లాట్" అని అమ్మేవి చాలావరకు రికార్డులో సాగుభూములే, వాటి జోలికి పోకు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ రెండూ అడుగు. నాన్నగారికి నీ తరఫున సంతకం పెట్టే పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఆ ఒక్క ఆస్తి కొనడానికే పరిమితం చేసి రాయించు. ఇక్కడ నోటరీ, అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చేయించి పంపితే, ఊరు చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి.

ఇర్వింగ్ తమ్ముడు:

అక్కా, అన్నా, థ్యాంక్స్. మామ పంపిన కాగితాల్లో ఒక సర్వే నంబర్ పక్కన డీకేటీ పట్టా అని ఉంది. అది మామూలేనని బ్రోకర్ అంటున్నాడట. అవునా?

ప్లేనో అన్న:

కాదు. డీకేటీ అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి. 1977 చట్టం ప్రకారం దాని అమ్మకం నిషేధం. 2023లో 20 ఏళ్లు దాటినవాటికి సడలింపు తెచ్చారు గానీ, ఆ పేరుతో జరిగిన రిజిస్ట్రేషన్ల మీద తర్వాత విచారణలు మొదలైనాయి. మన వైపు దేవస్థానం భూములు, మఠం భూముల తలనొప్పి వేరే ఉంది. ఆ సర్వే నంబర్లు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉన్నాయేమో చూడు, లింకు దస్తావేజులు (ఇంతకుముందు చేతులు మారినప్పటి పత్రాలు) తెప్పించి తిరుపతిలో లాయర్‌కు చూపించు. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వద్దు. మామతో గొడవ పెట్టుకోకు, "డల్లాస్‌లో అన్నవాళ్లు ఒప్పుకోవడం లేదు" అని మా మీదకు తోసెయ్.