ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్ హౌసింగ్‌లో ఈపీ 90 పోయొచ్చా?

డెల్టా_రైతు:
45 హెచ్‌పీ ట్రాక్టర్, ఆయిల్ బ్రేకులు. గేర్‌బాక్సుకు, లిఫ్టుకు, బ్రేకులకు అంతా హౌసింగ్‌లోని ఒకటే ఆయిల్. మాన్యువల్‌లో యూటీటీఓ (ఈ మూడింటికీ కలిపి పనికొచ్చే ట్రాక్టర్ ఆయిల్) 45 లీటర్లు అని ఉంది. షాపులో మాత్రం ఈపీ 90 గేర్ ఆయిల్ చవగ్గా వస్తుంది, చిక్కగా ఉంటే గేర్లకు ఇంకా మంచిదంటున్నారు. దమ్ము పని అయ్యాక డిప్‌స్టిక్ మీద ఆయిల్ తెల్లగా, మజ్జిగలా కనిపిస్తోంది. కొంత తీసి కొత్తది కలిపితే చాలా? అలాగే ఇంజన్‌కు 20డబ్ల్యూ-40 పోయాలా, 15డబ్ల్యూ-40 పోయాలా?

హౌసింగ్_మెకానిక్:
ఈపీ 90 వద్దన్నా. గేర్లకు ఇబ్బంది ఉండదు. దెబ్బ తినేవి బ్రేకులు, లిఫ్టు. ఆయిల్‌లో మునిగిన బ్రేకు ప్లేట్లు జారకుండా, కీచుమనకుండా పట్టాలంటే దానికి తగిన మందు (అడిటివ్) ఆయిల్‌లో ఉండాలి. యూటీటీఓలో అది ఉంటుంది, ఈపీ 90లో ఉండదు. పెడల్ తొక్కగానే హౌసింగ్ గరగరమంటూ అదిరితే ముందు ఆయిల్‌నే అనుమానించాలి. ఇక పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కటి ఆయిల్ స్ట్రైనర్ (వడపోత జాలి) గుండా పంపుకు సరిగా అందదు. పంపు ఏడుస్తుంది, లిఫ్టు ఆలస్యంగా లేస్తుంది.

మజ్జిగ రంగు అంటే నీళ్లు కలిశాయి. సగం తీసి సగం పోస్తే సగం నీళ్లు లోపలే ఉంటాయి. బ్రేకు ప్లేట్ల లైనింగ్ ఉబ్బి ఊడొస్తుంది, బేరింగులకు తుప్పు పడుతుంది. మొత్తం మార్చాల్సిందే.

బండిని పావుగంట నడిపి ఆయిల్ వెచ్చబడ్డాక, లిఫ్టు చేతులు పూర్తిగా కిందికి దించి ఇంజన్ ఆపండి. అప్పుడే లిఫ్టు సిలిండర్‌లో ఉన్న ఆయిల్ కూడా దిగుతుంది. డ్రెయిన్ బోల్టులు ఒకటి కాదు, గేర్‌బాక్సు కింద, డిఫరెన్షియల్ కింద, కొన్ని మోడళ్లలో యాక్సిల్ హౌసింగులకు విడిగా ఉంటాయి, అన్నీ తీయాలి. స్ట్రైనర్ కడిగి, ఫిల్టర్ మార్చండి. లోపల డీజిల్ పోసి కడగొద్దు, మూలల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. పోశాక లిఫ్టును పదిసార్లు లేపి దించి, సమతలం మీద మళ్లీ లెవెల్ చూడండి.

నీళ్లు వచ్చిన దారి మూయకపోతే వచ్చే దమ్ముకి మళ్లీ ఇదే కథ. వేడెక్కిన హౌసింగ్ మడిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ (హౌసింగ్‌కు గాలి ఆడే రంధ్రం) నుంచి, అరిగిన సీళ్ల నుంచి నీటిని పీలుస్తుంది. యాక్సిల్ సీళ్లు, బ్రేకు షాఫ్టు సీళ్లు, గేరు రాడ్డు రబ్బరు బూటు, బ్రీదర్ ఈ నాలుగూ చూడండి.

ఆయిల్_ల్యాబ్:
చిక్కదనం విషయంలో చిన్న మాట. 90 అనే అంకె చూసి అది ఇంజన్ ఆయిల్ 40 కంటే రెండింతలు చిక్కన అనుకుంటారు. రెండింటి కొలబద్దలు వేరు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేర్ ఆయిల్ 90 చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు, ఇంజన్ ఆయిల్ 40ది 12.5 నుంచి 16.3 లోపు. తేడా అసలు మందుల్లోనే ఉంది.

ఇంజన్‌కు రెండూ వేడి మీద 40లే. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్టింగ్‌కు సంబంధించింది, డెల్టాలో దాని బెంగ లేదు. డబ్బా వెనక ఏపీఐ గ్రేడు (ఆయిల్ నాణ్యత స్థాయి) చదవండి. సీఎఫ్-4 పాతబడింది, సీఐ-4 2002లో వచ్చింది, మసిని బాగా మోస్తుంది. మాన్యువల్ సీహెచ్-4 అడిగితే సీఐ-4 పోయొచ్చు, సీహెచ్-4 కంటే కింది గ్రేడు మాత్రం వద్దు. పొగ గొట్టంలో డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండ్లకు బూడిద తక్కువగా ఉండే సీకే-4 కావాలి, మీ బండికి ఆ అవసరం రాదు.

నీళ్లు కొంచెమే ఉన్నాయేమో తేల్చుకోవాలంటే, బాగా కాలిన ఇనుప రేకు మీద ఒక్క చుక్క వేయండి. చిటపటమంటే నీళ్లున్నట్టే. కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

డెల్టా_రైతు:
చాలా థాంక్స్ అన్నా. షాపులో ఈపీ 90 డబ్బా ఒకటి ముందే తీసుకున్నాను. రొటావేటర్‌కు వాడొచ్చా?

హౌసింగ్_మెకానిక్:
దాని అసలు చోటు అదే. రొటావేటర్ మధ్య గేర్‌బాక్సులో బ్రేకులు, పంపు ఉండవు, ఒట్టి గేర్లే. మాన్యువల్‌లో 90 అని ఉంటే నిక్షేపంగా పోయండి, 140 అని ఉంటే 140 కొనండి. ఇంకొకటి, టిప్పింగ్ ట్రాలీని లేపే జాకీ మీ హౌసింగ్ ఆయిల్‌తోనే లేస్తుంది. అదే ట్రాలీని ఊళ్లో వేరే ట్రాక్టర్లకు తగిలిస్తుంటే వాళ్ల ఆయిల్, వాళ్ల నీళ్లు జాకీలో మిగిలి మీ బండిలోకి వస్తాయి. కొత్త ఆయిల్ పోశాక తగిలించే ముందు జాకీని పూర్తిగా దించి, గొట్టం విప్పి అందులోది ఖాళీ చేయండి.