జేబు టార్చికి ఫ్లడ్ మేలా, దూరం కొట్టేదే మేలా?

తణుకు_తమ్ముడు:
నాన్నకి కొత్త టార్చి కొనాలి. పొద్దుపోయాక బోరు మోటారు దగ్గరికి గట్టు మీద నడిచి వెళ్తారు. ఇప్పుడున్నది సంతలో కొన్న జూమ్ లైటు. ముందుకి లాగితే కొబ్బరిచెట్టు మొవ్వు దాకా కొడుతుంది గానీ, కాలు ఎక్కడ వేస్తున్నామో కనపడదు. చొక్కా జేబులో పట్టాలి, రెండు వేల లోపు రావాలి. వెలుతురు వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ టార్చి కొందామని నేను. "అది బెడ్‌లైటురా, దూరం కొట్టేదే కొను" అని మా బావ. వాడినవాళ్లు చెప్పండి.

అనంత_రైతు:
మీ బావ మాటే నా మాట. మాది వేరుశెనగ. కాయ ఊరే రోజుల్లో రాత్రిళ్లు అడవి పందులు దిగుతాయి. చేను ఆ చివర కదలిక కనపడితేనే కేకలేసి తరమగలం. ఫ్లడ్ లైటుతో అయితే పంది పక్కకొచ్చి పలకరించాలి. టార్చి అన్నాక దూరం కొట్టాలి తమ్ముడూ. మా తాత మూడు సెల్లుల ఎవరెడీ మోసింది ఊరికే కాదు.

సైన్సు_మాస్టారు:
రైతు గారూ, మీ పనికి మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ తమ్ముడు అడిగింది కాపలా లైటు కాదు, నడక లైటు. కాస్త లెక్క వేద్దాం.

లూమెన్లంటే టార్చిలోంచి వచ్చే మొత్తం వెలుతురు. అది ఒక దిక్కుకి ఎంత చిక్కగా పోతోందో చెప్పేది క్యాండెలా. డబ్బా మీద 200 మీటర్లు అని ఉంటే, అంత దూరంలో 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుతురుకి కొలత) పడుతుందని అర్థం. అంటే పండువెన్నెల పాటి వెలుతురు, అంతే. టార్చిలని కొలిచే అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1లో దీనికి సూత్రం చాలా తేలిక: క్యాండెలాకి వర్గమూలం కట్టి రెండుతో గుణించాలి.

ఇప్పుడు అవే 300 లూమెన్లని రెండు టార్చిల్లో పెడదాం. మొదటిది సన్నగా కొట్టేది, 10,000 క్యాండెలా అనుకోండి. దూరం 200 మీటర్లు. రెండోది 120 డిగ్రీల్లో సమంగా పరిచేది. దానికి వచ్చేది సుమారు 95 క్యాండెలా, దూరం 20 మీటర్లకి కాస్త తక్కువ. మీ బావ ఇక్కడే ఆగిపోతున్నారు. కాళ్లకి రెండు మీటర్ల ముందు ఏం జరుగుతోందో చూడండి. ఫ్లడ్ టార్చి అక్కడ 24 లక్స్ దాకా ఇస్తుంది. గట్టు మీద గడ్డిపరకలు లెక్కపెట్టుకోవచ్చు. సన్నగా కొట్టేది అదే చోట 2,500 లక్స్ పోస్తుంది, అదీ జానెడు పైన వెడల్పున్న చుక్కలో. ఆ చుక్కకి కన్ను అలవాటు పడిపోయి, చుట్టూ ఉన్నదంతా నల్లటి గోడ అయిపోతుంది. చీకటికి కన్ను మళ్లీ పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది.

మనిషి నడిచేది సెకనుకి మీటరు పైచిలుకు. 20 మీటర్లు కనపడితే పది పదిహేను సెకన్ల ముందే తెలిసినట్టు. నడకకి అంతకన్నా ఏం కావాలి? బండి మీద వెళ్లేవాడైతే నేనూ దూరం కొట్టేదే కొనమంటాను.

ఇక అసలు విషయం పాములు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకి సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. వాటిలో దాదాపు సగం జూన్-సెప్టెంబరు వానల్లోనే. ఎక్కువ కాట్లు పడేది కాళ్ల మీద. పిల్లికో కుక్కకో మెరిసినట్టు పాముకి కళ్లు మెరవవు, కాబట్టి దూరం నుంచి లైటు కొట్టి కనిపెట్టే ఆశ పెట్టుకోకండి. రక్తపింజర ఎండుగడ్డి రంగులో కలిసిపోయి కదలకుండా పడుంటుంది. దాన్ని చూడాలంటే పాదాల చుట్టూ మూడు మీటర్లు వెలుతురు సమంగా ఉండాలి. టార్చిని నడుముకి కింద పట్టుకుంటే వెలుతురు ఏటవాలుగా పడి, ప్రతి దానికీ నీడ లేస్తుంది. ఆ నీడే ముందు కంట్లో పడుతుంది. టార్చి ఏదైనా సరే, గమ్‌బూట్లు మానొద్దు.

భీమవరం_చెరువు:
మాస్టారి లెక్క బాగుంది గానీ రెండు చోట్ల ఫ్లడ్ చేతులెత్తేస్తుంది, అదీ చెప్పాలి.

ఒకటి, మంచు. మా వైపు డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున చెరువు గట్టు మీద ఫ్లడ్ వేస్తే వెలుతురంతా మంచుకి తగిలి మన కళ్లలోకే వస్తుంది. తెల్లటి పరదా తప్ప ఏమీ ఉండదు. రెండు, నీళ్లు. రొయ్య పైకి తేలుతోందా లేదా చూడాలంటే సన్నటి బీమే కావాలి. టార్చిని కంటి పక్కనే పెట్టుకుని నీళ్ల మీదికి కొడితే రొయ్యల కళ్లు నిప్పు రవ్వల్లా ఎర్రగా మెరుస్తాయి. ఫ్లడ్ కొడితే నీటి తళుకే కనపడుతుంది.

కానీ చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దించే పళ్లెం) పైకి లాగి మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండిందా లేదా చూసేటప్పుడు మాత్రం ఫ్లడ్డే. మా కుర్రాళ్ల దగ్గర రెండూ ఉంటాయి.

గచ్చిబౌలి_గడుసు:
ఇంత చర్చ ఎందుకండీ? ఫోన్ లైటు ఉంది కదా. అదీ ఫ్లడ్డే.

సైన్సు_మాస్టారు:
ఫ్లడ్డే, కాదనను. ఫోన్ లైటుకి రిఫ్లెక్టరు (వెలుతురుని ముందుకి పోగుచేసే మెరుపు గిన్నె) ఉండదు, అందుకే దగ్గర్లో అంత హాయిగా కనపడుతుంది. అపార్ట్‌మెంట్ మెట్లకి చాలు. తడి చేత్తో స్టార్టర్ బాక్సు ముందు నిలబడినవాడికి ఫోన్ ఇవ్వకండి. కాలువలో పడితే లైటూ పోయె, సాయానికి పిలిచే సాధనమూ పోయె.

ఫ్యూజు_వైరు:
స్తంభాల మీద పని చేసేవాణ్ని. ఎవరూ రంగు ఊసెత్తలేదు. వెలుతురు రంగుని కెల్విన్లలో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. చవక టార్చిలన్నీ 6500 కెల్విన్ నీలిరంగు తెలుపే. ఆ వెలుతుర్లో పాత ఎర్ర వైరు, గోధుమరంగు వైరు ఒకేలా ఉంటాయి. సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనపడతాయో వందకి వేసే మార్కు) 90 దాటిన ఎల్ఈడీ, 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య తీసుకుంటే రంగులు పగలు చూసినట్టే తెలుస్తాయి. అవే వాట్లకి లూమెన్లు కాస్త తగ్గుతాయి, తగ్గనివ్వండి. మాస్టారు చెప్పిన రక్తపింజర గోధుమరంగు మచ్చలు మట్టిలోంచి విడిగా కనపడాలన్నా ఇదే దారి.

తలకి కట్టుకునేది కొనమని ఎవరో ఒకరు చెప్తారు, ముందే అంటున్నా: నాకు రెండు చేతులూ కావాలి కాబట్టి వాడతాను. వానాకాలంలో ఉసుళ్లన్నీ మొహం మీదే. పైగా వెలుతురు కంటి ఎత్తు నుంచే పడుతుంది కాబట్టి నేల మీద నీడలు కనపడవు.

అనంత_రైతు:
అందరూ ఏకమైపోయారు! సరే, జూమ్ లైటు లోపలికి నొక్కితే ఫ్లడ్, బయటికి లాగితే త్రో. రెండూ ఒక్కదాంట్లోనే ఉన్నాయి, అదీ మూడొందలకి. ఇంకా దేనికి ఖర్చు?

సైన్సు_మాస్టారు:
నొక్కినప్పుడు వచ్చేది గీత గీసినట్టుండే వలయం. లోపల తెల్లగా, అంచు దాటితే కటిక చీకటి. మంచి ఫ్లడ్‌లో వెలుతురు అంచుల వైపు మెల్లగా తగ్గుతూ పోతుంది, పక్కన ఏదైనా కదిలితే కంటి కొసకి తగులుతుంది. ఇక లాగినప్పుడు వెలుతురులో చాలా భాగం గొట్టం గోడలకే పోతుంది. జారే భాగం దగ్గర నీళ్లూ దుమ్మూ దూరతాయి. మీ ప్రాంతంలో వాన తక్కువ కాబట్టి మీకు తెలియట్లేదు.

అనంత_రైతు:
వాన తక్కువ అని గుర్తుచేసి మరీ ఏడిపించాలా మాస్టారూ!

తణుకు_తమ్ముడు:
కొనకముందే చూద్దామని, ఇంట్లో ఉన్న చిన్న రిఫ్లెక్టరు టార్చి అద్దానికి గరుకుగా, పాలరంగులో ఉండే సెల్లో టేపు ముక్క అతికించాను. గోడ మీద నడిమి చుక్క కరిగిపోయి వెలుతురు గోడంతా పాకింది. నాన్నకిచ్చి గట్టు మీదికి పంపాను. "రెండు పక్కలా బోదె కనపడుతోందిరా" అన్నారు. మా బావ మాత్రం, "మరి పక్క చేలో ఎవరున్నారో ఎలా తెలుస్తుంది?" అంటున్నాడు. పిలిస్తే తెలుస్తుంది బావా!

ఇక బ్యాటరీ సంగతి. ఊళ్లో దొరికే పెన్సిల్ సెల్లుదా, 18650 (రీచార్జి చేసుకునే లావుపాటి లిథియం సెల్లు)దా?

భీమవరం_చెరువు:
టేపు చాలామంది చేసే పనే. వెయ్యి లూమెన్ల టార్చి మీద మాత్రం అంటించకండి, వేడికి జిగురు కరిగి అద్దం పాడవుతుంది.

ఫ్యూజు_వైరు:
3,000 ఎంఏహెచ్ (సెల్లు ఎంత చార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత) 18650లో సుమారు 11 వాట్‌అవర్లు ఉంటాయి, అంటే ఒక వాటు లైటుని 11 గంటలు నడిపేంత. వాటుకి వంద లూమెన్ల చొప్పున వేసుకుంటే, వంద లూమెన్లతో పది గంటలు. రీచార్జి అయ్యే పెన్సిల్ సెల్లు 2,000 ఎంఏహెచ్‌ది అయితే అదే వెలుతురు రెండు గంటలు. కాళ్ల ముందు చూసుకోవడానికి ఫ్లడ్‌లో వంద లూమెన్లు ధారాళం. అందుకే 18650 వేసుకోండి, యూఎస్‌బీ-సీతో చార్జ్ అయ్యేది. రోజూ వాడని ఇంటికైతే పెన్సిల్ సెల్లుదే నయం, అయిపోతే కిళ్లీకొట్లో కూడా దొరుకుతుంది.

18650 మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. మంచి కంపెనీలవి మామూలుగా 2,500 నుంచి 3,500 మధ్యే ఉంటాయి. చవక టార్చి డబ్బా మీద పదివేల లూమెన్లని రాసినా అంతే.

సైన్సు_మాస్టారు:
బీమ్ విషయంలో నా సలహా: 120 డిగ్రీలు మరీ పరిచేస్తుంది, 60 డిగ్రీల టీఐఆర్ లెన్సు (రిఫ్లెక్టరు బదులు ఎల్ఈడీ మీద కూర్చునే గట్టి లెన్సు) ఉన్నది చూడండి. అవే 300 లూమెన్లతో 38 మీటర్ల దాకా వెన్నెల పాటి వెలుతురు పడుతుంది, కాళ్ల దగ్గరా లోటుండదు. కాన్వాయ్ ఎస్2 ప్లస్ లాంటి టార్చిల్లో రిఫ్లెక్టరు తీసి ఈ లెన్సు మార్చుకోవచ్చు కూడా. మీ బావని కూడా కాస్త శాంతపరచినట్టుంటుంది.

తణుకు_తమ్ముడు:
60 డిగ్రీలదే ఖాయం చేస్తున్నా, 4000 కెల్విన్‌లో. ఒక్కటే టెన్షన్: నాన్న చొక్కా జేబులో బీడీకట్ట, చిల్లర, అన్నీ ఉంటాయి. బటన్ నొక్కుకుని దానంతటదే వెలిగితే?

ఫ్యూజు_వైరు:
పెద్ద వెలుతుర్లో వెలిగితే చొక్కా మాడుతుంది, నవ్వులాట కాదు. వెనక మూత పావు మలుపు వదులు చేసి జేబులో పెట్టుకోమనండి. మంచి టార్చిల్లో మూత మరల మీద కరెంటు పారని పూత ఉంటుంది కాబట్టి, వదులైతే సర్క్యూట్ తెగిపోయి బటన్ ఎంత నొక్కినా వెలగదు. కావాల్సినప్పుడు బిగిస్తే చాలు. వచ్చాక ముందు ఇది పనిచేస్తోందో లేదో చూసుకుని అప్పుడు ఇవ్వండి.