ఎన్‌జీవోలో వేధింపు ఫిర్యాదు: డైరెక్టర్ సర్ది చెప్తే సరిపోతుందా?

వంశధార అక్క (రాయగడ జిల్లా, ఒడిశా):
మా సంస్థలో స్టాఫ్ పద్నాలుగు మంది. నేను బోర్డు సభ్యురాలిని. కొండ ఊళ్లలో తిరిగే ఒకమ్మాయి తన కోఆర్డినేటర్ మీద ఫిర్యాదు చేసింది. రాత్రిళ్లు ఫోన్లు, మీటింగ్ అయ్యాక "నా బండి మీదే రా" అని పట్టుబట్టడం, రానన్న నెల టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు మీద సంతకం పెట్టకుండా తొక్కిపెట్టడం. డైరెక్టర్ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి, అతని చేత సారీ చెప్పించి, అమ్మాయిని వేరే బ్లాకుకి మార్చేశారు. ఆయన లెక్కలో కథ కంచికి వెళ్లింది. నాకే మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

పర్లాకిమిడి మాస్టారు:
నేనూ చిన్న సంస్థ నడిపినవాడినే అమ్మా. ఆయన చేసింది మరీ తప్పని అనను. విషయం బయటికి పొక్కితే డోనర్ ముందు డబ్బు ఆపేస్తాడు, నిజానిజాల సంగతి తర్వాత. జీతాలు అందరికీ ఆగుతాయి, ఆ అమ్మాయితో సహా. వాళ్లింట్లో తెలిస్తే ఉద్యోగం మాన్పించేస్తారు కూడా. సారీ చెప్పాడు, దూరం చేశారు. ఇంకేం కావాలి?

బరంపురం వకీలు:
దూరం చేసింది ఎవరిని మాస్టారూ? ఫిర్యాదు చేసినామెని. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం విచారణ నడిచేటప్పుడు బదిలీ అన్నది ఆమె రాసిచ్చి అడిగితే జరగాలి. మార్చడానికి అతను కూడా ఉన్నాడు కదా. రాజీ కూడా ఆమె కోరితేనే, అందులో డబ్బు మాట రాకూడదు. పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళ, సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. లేకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. ఎన్‌జీవోలకు మినహాయింపేమీ లేదు. జీతం లేని వాలంటీరూ ఉద్యోగి కిందే లెక్క, పని మీద వెళ్లిన ఊరూ ఆఫీసు కిందే లెక్క.

అసలు దీని మూలం పెద్ద కంపెనీల్లో లేదు. రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళా కార్యక్రమంలో ఊళ్లు తిరిగి పనిచేసే భన్వరీ దేవి ఒక బాల్యవివాహాన్ని ఆపబోయింది. అందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆ నేపథ్యంలో 1997లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది, చట్టం ఆ తర్వాత వచ్చింది. మీ అమ్మాయిలాంటి కార్యకర్త పడ్డ కష్టంతో వచ్చిన హక్కు ఎన్‌జీవోలకే పట్టకపోతే ఎలా?

కొరాపుట్ కుర్రాడు:
రేపు తప్పుడు బిల్లు ఆపినా వేధింపే అంటారేమో. సంతకం పెట్టాలంటేనే టెన్షన్.

బరంపురం వకీలు:
ఎందుకు ఆపావో ఆ రోజే ఫైల్లో రాయి తమ్ముడూ. కావాలని అబద్ధపు ఫిర్యాదు ఇస్తే చర్యకు చట్టంలోనే దారి ఉంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది అబద్ధమైపోదు.

నాగావళి:
కమిటీ ఉంటే చాలనుకోకండి. నేను ఇదివరకు చేసిన ఒకచోట ఉండేది. బయటి సభ్యుడు డైరెక్టర్ గారి స్నేహితుడు. ఆ స్నేహితుడి సంస్థ కమిటీకి మా డైరెక్టర్ గారు బయటి సభ్యుడు! విచారణ ఒడియాలో, సంతకం పెట్టమన్న కాగితం ఇంగ్లిషులో. ఫిర్యాదు చేసిన అమ్మాయికి వచ్చింది తెలుగు, కువి (అక్కడి కొండవాళ్ల భాష). తను చెప్పిందేమిటో, వాళ్లు రాసిందేమిటో ఆమెకే తెలీదు.

ఇంకోటి. మా పనిలో గొడవంతా బండి దగ్గరే మొదలవుతుంది. ఊళ్లో ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి, వంట కానిచ్చుకుని, ఎనిమిదింటికి గానీ మీటింగ్‌కి కూర్చోరు. అప్పటికి జీపులు ఉండవు. ఇంటికి చేర్చేదీ కోఆర్డినేటరే, నెలాఖరుకి బిల్లు పాస్ చేసేదీ కోఆర్డినేటరే. కాదంటే ఎలా బతకాలి? ఇద్దరమ్మాయిల్ని జతగా పంపండి. రాత్రికి ఆ ఊళ్లోనే ఉండే ఏర్పాటు చూడండి. బిల్లులు నేరుగా అకౌంటెంట్‌కి వెళ్లనివ్వండి.

పర్లాకిమిడి మాస్టారు:
జతగా పంపడానికి బడ్జెట్ ఏ డోనర్ ఇస్తాడమ్మా?

నాగావళి:
ఎప్పుడైనా అడిగారా మాస్టారూ? బ్యానర్లకీ వర్క్‌షాపు భోజనాలకీ ప్రపోజల్‌లో చోటుంటుంది కదా.

పర్లాకిమిడి మాస్టారు:
అడగలేదు, నిజమే. అయినా కలెక్టరేట్ దాకా పోతే సంస్థ మూతపడుతుందన్న భయం నాకు పోదు.

బరంపురం వకీలు:
ఇది కోఆర్డినేటర్ మీద ఫిర్యాదు కాబట్టి సంస్థ కమిటీయే వినాలి. డైరెక్టర్ మీదే అయితేనో, స్టాఫ్ పదిమందిలోపు ఉంటేనో జిల్లా లోకల్ కమిటీ. దానికీ రాయగడ పరిగెత్తనక్కర్లేదు. బ్లాకుకో నోడల్ ఆఫీసరు ఉండాలి, ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. అక్కా, ఆమె ఎవరో తెలిసే వివరాలు బయటపెట్టకూడదు. ఇక్కడ ఊరి పేరు, బ్లాకు పేరు రాయకండి.

వంశధార అక్క:
రాయను. ఆమెతో విడిగా మాట్లాడాను. ఉద్యోగం మానదట, తన పాత ఊళ్లే కావాలట. "నేనెందుకు మారాలి?" అంది. ఫిర్యాదుకి మూడు నెలల గడువు ఇంకా దాటలేదు. వచ్చే బోర్డు మీటింగ్‌లో కమిటీ కోసం తీర్మానం పెడుతున్నాను. ఒడియా, తెలుగు రెండూ వచ్చి, మా డైరెక్టర్ గారితో పరిచయం లేని బయటి సభ్యురాలు కావాలి. రూల్స్‌లో ఉన్నది రోజుకి 200 రూపాయలూ దారి ఖర్చులూ. మేం అంతకన్నా ఇచ్చుకోలేం.

పర్లాకిమిడి మాస్టారు:
నాకు తెలిసినామె ఉంది, అడిగి చెప్తాను. కానీ తీర్మానం సంగతి డైరెక్టర్‌కి ముందే చెప్పమ్మా, పెద్దరికం నిలబెట్టినట్టుంటుంది.

నాగావళి:
ముందే చెప్తే ఆ మీటింగే వాయిదా పడుతుంది, చూడండి.