పాత ఇంటి మేడ మీద పుచ్చిన చెక్కల బదులు ఏ కర్ర వేయించాలి?

బ్రాడీపేట వాసి:
గుంటూరులో మా తాతయ్య కట్టించిన పెంకుటిల్లండి, పైన మేడగది ఫ్లోర్ అంతా టేకు చెక్కలే, దూలాల మీద పరిచి మేకులు కొట్టారు. మొన్న వానలకి పెంకు సందులోంచి కారి గోడవారన నాలుగు చెక్కలు మెత్తబడిపోయాయి, కాలేస్తే దిగుతున్నాయి. మిగతావి రాయిలా ఉన్నాయి. వడ్రంగి ప్లైవుడ్ కొట్టేద్దాం అంటాడు, నాకు మనసొప్పట్లేదు. డిపోలో ఘనా టేకు చూపించారు, మా బాబాయేమో పొలంలో వేపచెట్టు కొట్టించి కోయించుకోమంటున్నాడు. పాతవి అంగుళంపావు మందం. ఏం చేయమంటారు?

కలప పిచ్చోడు, బెజవాడ:
ముందు ఆ కారడం ఆపించండి, తర్వాత దూలం కొస గోడలోకి దిగినచోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి, అది దిగిందంటే చెక్కలు మార్చి లాభం లేదు. కర్ర మాటకొస్తే పాత ఇళ్ళు పడగొట్టినచోట అమ్మే టేకు చూడండి, ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, మీ వాటి పక్కన రంగు కూడా కలుస్తుంది. మేకులన్నీ పీకించాకే సామిల్లుకి తీసుకెళ్ళండి, రంపం పాడవుతుందని లేకపోతే కోయరు. ఘనా టేకు ఎక్కువగా తోటల్లో పెంచి లేతగా కొట్టింది, తెల్లచెక్క (బెరడు పక్కనుండే లేత కర్ర) ఎక్కువుంటుంది, టేకైనా సరే ఆ తెల్లదాన్ని చెదలు వదలవు. చేవ (మధ్యలోని ముదురు గట్టి కర్ర) ఉన్న ముక్కలే ఏరుకోండి.

రైతుబిడ్డ:
వేప చేదు కదా పురుగు పట్టదనుకుంటారు గానీ ఆ మాట చేవకే అండి. పైగా ఇప్పుడు కొట్టించి ఇప్పుడే వేస్తే మెలి తిరిగిపోతుంది. అంగుళం మందం ఆరడానికి నీడలో దాదాపు 1 ఏడాది పడుతుంది. బాబాయి గారి మాట తీసేయకుండా కోయించి పెట్టుకోండి, తర్వాత తలుపులకి పనికొస్తుంది.

మేస్త్రిగారబ్బాయి:
మందం దగ్గర జాగ్రత్త బ్రదర్, చిత్రిక పడితే తగ్గిపోద్ది, కాబట్టి ఒకటిన్నర అంగుళానికి కోయించి పాతవాటి లెవెల్‌కి దింపుకోండి. తెచ్చిన వెంటనే కొట్టొద్దు, ఆ గదిలోనే మధ్యలో బద్దలు పెట్టి పేర్చి రెండుమూడు వారాలు ఉంచండి. ఎండాకాలంలో బిగిస్తే మాత్రం చెక్కకీ చెక్కకీ మధ్య కాస్త సందు వదలాలి, లేదంటే వానల్లో ఉబ్బి పైకి లేస్తాయి. మేకులు కాదు, ముందు బెజ్జం వేసి స్టీల్ స్క్రూలు. కింది వైపు, కోసిన చివర్లకి కూడా చెదల మందు పూయించండి, అక్కడే అందరూ వదిలేస్తారు.

బ్రాడీపేట వాసి:
దూలం పొడిచి చూశానండి, గట్టిగానే ఉంది. రేపు పాత టేకు కోసం బయల్దేరుతున్నా, వడ్రంగికి కూడా చెప్పేశాను.