ప్రజాస్వామ్య చరిత్ర ప్రదర్శనలో మన జిల్లాల వస్తువు ఏది పెట్టవచ్చు?

శ్రీకాకుళం ఉపాధ్యాయుడు:
మా ఉన్నత పాఠశాలలో ప్రజాస్వామ్య చరిత్రను వస్తువుల ద్వారా చూపే చిన్న ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నాము. ప్రాచీన గ్రీసులోని ఏథెన్సు పౌరులు నగరం నుంచి వెళ్లగొట్టదలచిన వ్యక్తి పేరు గీకిన కుండపెంకులతో మొదలుపెట్టి, తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనం పేర్కొన్న, గ్రామసభ సభ్యులను ఎంపిక చేసే తాటాకు చీటీల కుండ మీదుగా ఓటింగ్ యంత్రం దాకా రావాలని ఆలోచన. మన ప్రాంతపు వస్తువు ఏదైనా ఉంటే పెద్దలు సూచించగలరు.

బొబ్బిలి వాసి:
మాస్టారూ, ఒక పెట్టెకు పసుపు రంగు వేసి పెట్టండి. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికలలో చదువు రానివారు కూడా గుర్తుపట్టేలా పెట్టెలకు రంగులు వేశారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) పనిచేసిన బొబ్బిలి రాజావారిని వి.వి. గిరి బొబ్బిలిలోనే ఓడించిన ఎన్నిక అది. అయితే పెట్టె ఒక్కటే పెడితే అందరూ ఓటు వేశారని పిల్లలు అనుకుంటారు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్నవారికే అప్పట్లో ఓటు ఉండేది కనుక, పెట్టె పక్కన పాత భూమిశిస్తు రసీదు తప్పక ఉండాలి. నా దృష్టిలో పెట్టె కన్నా ఆ రసీదే ముఖ్యం.

పార్వతీపురం వాసి:
నేను రెండు బ్యాలెట్ పత్రాలు పెట్టమంటాను. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానం నుంచి ఇద్దరిని ఎన్నుకోవాలి, అందులో ఒకటి షెడ్యూల్డు తెగలకు రిజర్వు. ఓటరుకు రెండు ఓట్లు ఉన్నా, రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి వీల్లేదు. లెక్కింపులో మొదటి రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే వచ్చినందున, ఒకరికి రిజర్వు స్థానం, రెండవవారైన డిప్పల సూరిదొరకు జనరల్ స్థానం దక్కాయి. మూడవ స్థానంలో నిలిచిన వి.వి. గిరి ఆ ఫలితాన్ని సవాలు చేస్తే, 1959లో సుప్రీంకోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో రద్దు చేశారు. (బొబ్బిలిలో రాజావారిని గెలిచిన గిరిగారే ఇక్కడ ఓడిపోయారని పిల్లలకు చెప్పండి, ఆసక్తిగా వింటారు.)

విజయనగరం వాసి:
ఏథెన్సు పెంకులను మాత్రం తీసివేయకండి. ఏథెన్సు కొండకోట అక్రోపోలిస్ ఉత్తరపు వాలులోని ఒక బావిలో ఆ నగర నాయకుడు థెమిస్టొక్లీస్ పేరున్న 190 పెంకులు దొరికాయి. అన్నీ కొద్దిమంది చేతిరాతే. అంటే ఓటర్లకు పంచడానికి ముందే రాయించి ఉంచారన్నమాట. మన దేశంలోనూ 1952 పద్ధతిలో ఇటువంటి లొసుగు ఉండేది: అభ్యర్థికొక పెట్టె, పత్రం మీద గుర్తు వేసే పని లేదు కనుక, దానిని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకొని బయట అమ్ముకునే వీలుండేది. 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి అందరి గుర్తులూ ఒకే పత్రం మీదికి వచ్చి, ముద్ర వేసే పద్ధతి అమలైంది. కాబట్టి పెంకుల పక్కనే ఆ రబ్బరు ముద్రను పెట్టండి.

శ్రీకాకుళం ఉపాధ్యాయుడు:
ధన్యవాదాలండీ. శిస్తు రసీదు మా తాతగారి ట్రంకుపెట్టెలో ఉంది. 1957 నాటి రెండు పత్రాలను పిల్లల చేత అట్టముక్కలతో చేయిస్తాను, నమూనా ఓటింగు కూడా పెట్టిస్తాను.