ఎలక్ట్రిక్ బైక్: ఇంట్లో ఏ పనులు చేసుకోవచ్చు? డిస్‌ప్లే వెలగట్లేదు

కొత్త రైడర్:
చైన్ డ్రైవ్, 72 వోల్టుల ప్యాక్. ఆయిల్, ప్లగ్ గొడవ లేదు సరే, మిగతా వాటిలో ఇంట్లో ఏం చేసుకోవచ్చు? ఇంకోటి, 70 శాతం ఛార్జితో రెండు వారాలు పక్కన పెట్టిన బండి ఇప్పుడు కీ తిప్పినా డిస్‌ప్లే వెలగట్లేదు.

వోల్ట్‌మీటర్:
ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడండి. చాలా బళ్ళలో డిస్‌ప్లే, లైట్లు, మెయిన్ కాంటాక్టర్ (పెద్ద ప్యాక్‌ని కలిపే స్విచ్) దాని మీదే నడుస్తాయి. అది దిగిపోతే కాంటాక్టర్ పట్టదు, పెద్ద ప్యాక్‌లో ఎంత ఛార్జి ఉన్నా మోటార్‌ని నడిపే కంట్రోలర్ దాకా రాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 పైన చూపించాలి, 12 లోపు ఉంటే ఖాళీ అయినట్టే. ఛార్జ్ చేసి పెట్టాక బండి ఆన్ చేసి మళ్ళీ కొలవండి. 13.5 దాటకపోతే డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద ప్యాక్ నుంచి చిన్న బ్యాటరీని నింపేది) గానీ దాని ఫ్యూజ్ గానీ పోయినట్టు. చిన్న బ్యాటరీయే లేని మోడల్ అయితే నేరుగా ఫ్యూజ్ దగ్గరికే వెళ్ళండి.

స్పానర్ 14:
చైన్‌కి పెట్రోల్ బండి కన్నా ఎక్కువ శ్రద్ధ కావాలి. టార్క్ మొదటి నుంచే పూర్తిగా వస్తుంది కాబట్టి వదులుగా ఉంటే ప్రతిసారీ కుదుపే. కింది వరస మధ్యలో ఆట మామూలుగా 25–35 మి.మీ. (మీ మాన్యువల్ అంకే ఫైనల్). చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట సెట్ చేయండి. తుడిచేటప్పుడు కీ తీసి జేబులో వేసుకోండి. శబ్దం లేని బండి, ఆన్‌లో ఉన్నట్టే తెలియదు, త్రాటిల్‌కి చెయ్యి తగిలిందా, స్ప్రాకెట్‌లో వేళ్ళు పోతాయి.

బ్రేకుల సంగతి తిరగబడి ఉంటుంది. రీజెన్ (మోటారే బండిని ఆపుతూ ప్యాక్‌ని ఛార్జ్ చేయడం) వల్ల ప్యాడ్లు పెద్దగా అరగవు, కానీ వాడకం తగ్గి కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పిన్నులు పట్టేస్తాయి. తీసి తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది, కిలోమీటర్లు తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్చాల్సిందే.

వోల్ట్‌మీటర్:
ప్యాక్ మూత మాత్రం విప్పొద్దు. 72 అని రాసి ఉన్నా 20 సెల్స్ వరసలో ఉన్న ఎన్‌ఎంసీ (ఒక రకం లిథియం) ప్యాక్ నిండితే 84 వోల్టులు. ఉంగరం, వాచీ తీసేయండి. ప్యాక్ కనెక్టర్ ఊడదీశాక కూడా కంట్రోలర్ కెపాసిటర్లలో ఛార్జి మిగులుతుంది, కనీసం 10 నిమిషాలు ఆగి, మీటర్‌తో కొలిచాకే ముట్టుకోండి. కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారితే లోపల పిన్ను వదులై వేడెక్కుతోందని అర్థం. దాన్ని బిగించి వాడొద్దు, మార్చండి.

కొత్త రైడర్:
చిన్న బ్యాటరీ 10.9 చూపిస్తోంది. ఛార్జ్ చేస్తే సరిపోతుందా?

వోల్ట్‌మీటర్:
బ్యాటరీ మీద రాసిన ఆంపియర్-అవర్లలో (ఏహెచ్) పదో వంతు కరెంటుతో నింపండి, 5 ఏహెచ్ అయితే 0.5 ఆంపియర్. అంత లోతుకు దిగి ఉండిపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. నిండాక ఒక రోజు ఊరికే ఉంచి కొలవండి, 12.4 కన్నా దిగితే కొత్తది వేసుకోవడమే.